సోమవారం ఆ ఊరు ఎంత దూరం?

హైదరాబాద్ చుట్టుపక్కల స్థలాలు అమ్మేవాళ్లు ఊళ్లను ఎప్పుడూ ఆదివారమే చూపిస్తారు. పొద్దున్నే ఇన్నోవా ఇంటి ముందుకొస్తుంది. దారిలో టిఫిన్, వెంచర్ దగ్గర టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీలు, తిరిగొచ్చే ముందు బిర్యానీ. ‘‘ఔటర్‌కి పదే నిమిషాలు సార్, అక్కడి నుంచి గచ్చిబౌలి ముప్పావు గంట’’ అంటాడు ఏజెంటు. అబద్ధమేమీ కాదు. ఆదివారం పదకొండింటికి అంతే పడుతుంది. మేడమ్‌కి వేపచెట్లు నచ్చుతాయి, పిల్లలకు ఖాళీ జాగా నచ్చుతుంది, సార్‌కి గజం రేటు నచ్చుతుంది. అడ్వాన్సు చేతులు మారుతుంది. ఆ ఊరు నిజంగా ఎంత దూరమో తెలిసేది మాత్రం ఇల్లు మారాక వచ్చే మొదటి సోమవారం.

నగరంలో అద్దె కట్టలేకనో, కట్టగలిగినా ఆ ఇరుకు భరించలేకనో శివారు వైపు చూసే ఇళ్లలో కొన్ని పేర్లు సంబంధాల్లాగా రోజూ చర్చకొస్తుంటాయి: శంకర్‌పల్లి, వికారాబాద్, సంగారెడ్డి, మేడ్చల్, ఘట్‌కేసర్, భువనగిరి, షాద్‌నగర్. రేట్లు, నీళ్లు, స్కూళ్లు అన్నీ గంటల తరబడి మాట్లాడుకుంటారు. రోజూ పోయి రావడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘అలవాటైపోతుందిలే’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

అదంత తేలిగ్గా అలవాటు కాదు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఆర్థికవేత్తలు బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టట్జర్ జర్మనీ కుటుంబాల సర్వేలు ముందేసుకుని ఈ సంగతే చూశారు. చవకైన ఇల్లో, మంచి జీతమో దొరుకుతుందని దూరానికి ఒప్పుకున్నవాళ్లు ఆ లాభం చేతికొచ్చాక కూడా దగ్గర్లో ఉండేవాళ్లకంటే తక్కువ తృప్తితో బతుకుతున్నారని తేలింది. ఇటలీ శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో ఇంకో మాట అన్నాడు. కాలినడక రోజుల్లోనైనా, కార్ల కాలంలోనైనా మనిషి రోజు మొత్తమ్మీద ప్రయాణానికి ఇష్టపడి ఇచ్చేది గంటకు అటూ ఇటుగానేనట. వేగం పెరిగితే ఊరు పెరుగుతుంది తప్ప ఆ గంట పెరగదు. హైదరాబాద్‌లో రోజుకు ఒక్క గంటలో ఆఫీసుకు పోయి రాగలిగేవాళ్లు ఎందరుంటారు? శివారుకు మారినవాళ్లలో చాలామందికి ఒక్కో వైపే గంటన్నర. రోజుకు మూడు గంటలు, 22 పని రోజులకు 66 గంటలు. ఎనిమిది గంటల డ్యూటీలుగా చూస్తే నెలలో ఇంకో ఎనిమిది రోజులు జీతం లేకుండా పనిచేసినట్టు. నెలకు మిగిలే అద్దె పక్కన ఈ అంకె కూడా రాసుకుని అప్పుడు తీసివేత చేయాలి.

ఒక విషయం ముందే చెప్పేస్తాను. శివారు ఊరిని పొద్దుటి ప్రయాణాన్ని బట్టి ఎంచుకోవద్దు, రాత్రి తిరుగు ప్రయాణాన్ని బట్టి ఎంచుకోవాలి. పొద్దున్న అందరికీ ఓపిక ఉంటుంది. రైళ్లూ బస్సులూ కూడా ఆఫీసు వేళలను చూసే నడుస్తాయి. తేడా అంతా ఇంటికి చేరడంలోనే.

ఏ హైదరాబాద్‌కి?

‘సిటీకి నలభై కిలోమీటర్లు’ అనే మాటకు సగం అర్థమే ఉంది. ఏ సిటీకి? 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నప్పటి నుంచి కొత్త కొలువులు చాలావరకు పడమటి వైపే పోగుపడ్డాయి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అన్నీ అటే. సచివాలయం, నాంపల్లి చుట్టూ ఉన్న సర్కారు కార్యాలయాలు, కోఠి, అబిడ్స్ మధ్యలో. రైల్వే వాళ్లది సికింద్రాబాద్. చర్లపల్లి, నాచారం, ఉప్పల్ వైపు ఫ్యాక్టరీలు. ఈ నాలుగింటికీ నలభై కిలోమీటర్లు ఒకటే కావు.

భువనగిరినే తీసుకోండి. ఏకశిల మీద కోట, 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పటి నుంచి జిల్లా కేంద్రం హోదా, పక్కనే బీబీనగర్‌లో ఎయిమ్స్. సికింద్రాబాద్ యాభై కిలోమీటర్ల లోపే. కాజీపేట వైపు నుంచి వచ్చే రైళ్లు ఉన్నాయి. సికింద్రాబాద్‌లోనో తార్నాకలోనో ఉద్యోగమైతే ఇంతకన్నా మంచి ఊరు దొరకడం కష్టం. అదే ఊరి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి పోవాలంటే నగరాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటాలి. తూర్పున స్థలాలు చవకగా ఉండటానికి ఇదే పెద్ద కారణం. ఆ చవకదనాన్ని పడమట ఉద్యోగం చేసేవాడు రోజూ వాయిదాల్లో తిరిగి కట్టేస్తాడు.

దీనికి కొంత విరుగుడు రైల్వే వాళ్లే చేశారు. మౌలాలి నుంచి సనత్‌నగర్‌కు సికింద్రాబాద్ స్టేషన్‌ను తాకకుండా వెళ్లే లైన్‌ను రెండు వరుసలు చేసి, కరెంటు తీగలు వేసి, 2024 మార్చిలో ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు మొదలుపెట్టారు. తూర్పు శివారును పడమటి ఆఫీసులతో కలిపే దారి అది. కాగితం మీద ఇంత తెలివైన మార్గం నగరంలో ఇంకోటి లేదు. కానీ రైళ్ల సంఖ్య చూస్తే ఉత్సాహం చల్లారుతుంది. పావుగంటకో రైలుంటే దాన్ని నమ్ముకుని ఇల్లు కొనొచ్చు. రోజులో కొన్నే రైళ్లుంటే మాత్రం మీ షిఫ్టు ఆ రైలు టైముకు పుట్టి ఉండాలి.

మొగుడూ పెళ్లాలిద్దరూ ఉద్యోగులైతే లెక్క ఇంకా మారుతుంది. భర్త మాదాపూర్‌లో, భార్య ఏ మండలంలోనో టీచరైతే సంగారెడ్డో, వికారాబాదో ఇద్దరికీ మధ్యలో పడుతుంది. ఒకరు తూర్పుకు, ఒకరు పడమరకు. జిల్లా కేంద్రం కాబట్టి ఆసుపత్రీ, కలెక్టరేటూ, కాలేజీలూ అక్కడే. నన్నడిగితే శివారుల్లో జిల్లా కేంద్రాలకే మొదటి ఓటు. నగరం లేకపోయినా ఊరుగా నిలబడగలిగేవి అవి. ఘట్‌కేసర్, మేడ్చల్ లాంటివి ఇప్పుడు వేరే ఊళ్లు అనడానికి కూడా లేదు. ఔటర్ రింగ్ రోడ్డు లోపలా, అంచునా ఉన్న పురపాలికలతో పాటు 2025 చివర్లో అవీ జీహెచ్‌ఎంసీలో కలిసిపోయాయి.

శంకర్‌పల్లి సంగతి

ఈ మధ్య పడమటి వైపు ఎక్కువగా వినిపించే పేరు శంకర్‌పల్లి. దీని దగ్గర కాస్త ఆగాలి. ఎందుకంటే శివారు ఊరిలో ఉండే ఆశలూ చిక్కులూ అన్నీ ఇక్కడ ఒకచోట కనిపిస్తాయి.

నిజాం రైల్వే 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు వేసిన పాత లైను మీద ఉందీ ఊరు. అంటే గచ్చిబౌలి గుట్టల మీద మేకలు మేసే రోజుల్లోనే దీనికి రైలుంది. లింగంపల్లి, తెల్లాపూర్, నాగులపల్లి దాటితే శంకర్‌పల్లి. పటాలు చూసి చెప్పాల్సి వస్తే, ఐటీ ఉద్యోగికి ఇంతకంటే దగ్గరి శివారు ఊరు దొరకడం కష్టం. ఔటర్ మీదుగా కోకాపేట వైపు దిగొచ్చు. లేదంటే రైలెక్కి లింగంపల్లిలో దిగి, అక్కడి నుంచి బస్సో షేర్ ఆటోనో.

చిక్కు ఎక్కడంటే, ఎంఎంటీఎస్ లింగంపల్లితోనే ఆగిపోయింది. రెండో దశలో తెల్లాపూర్ నుంచి రామచంద్రాపురం కొమ్మకు తిరిగింది తప్ప శంకర్‌పల్లి వైపు పోలేదు. వికారాబాద్ దాకా పొడిగించమని అడుగుతూనే ఉన్నారు. కాబట్టి శంకర్‌పల్లిలో దొరికేవి దూరం నుంచి వచ్చే ప్యాసింజర్లు, అక్కడ ఆగే కొద్దిపాటి ఎక్స్‌ప్రెస్‌లు. వెనక ఎక్కడో గంట ఆలస్యమైతే ఆ గంట మీదే. ఇక్కడో విచిత్రం ఉంది. శంకర్‌పల్లి దాటి ఇంకో ముప్ఫై కిలోమీటర్లు పోతే వికారాబాద్. అది జంక్షన్. బీదర్ వైపు, వాడి వైపు వెళ్లే రైళ్లలో చాలా అక్కడ ఆగుతాయి. దూరంగా ఉన్న ఊరికి ఎక్కువ రైళ్లు, దగ్గరున్న ఊరికి తక్కువ. అందుకే రోజూ లింగంపల్లి వచ్చే కొందరికి శంకర్‌పల్లికన్నా వికారాబాదే సుఖం. పైగా అనంతగిరి గాలి. ఒకప్పుడు క్షయ రోగులకు శానిటోరియం కట్టింది ఆ గాలిని చూసే.

కిలోమీటర్లు చూడటం మానేసి, ఆగే రైళ్లు లెక్కపెట్టడం మొదలుపెడితే శివారు పటం మొత్తం మారిపోతుంది. ఈ సంగతి అందరికంటే ముందు వరంగల్ వాళ్లకు తెలుసు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ నూటముప్ఫై కిలోమీటర్లు. ఏ లెక్కన చూసినా అది శివారు కాదు. అయినా సీజన్ పాస్ జేబులో పెట్టుకుని ‘అప్ అండ్ డౌన్’ చేసే ఉద్యోగులు అక్కడ ఎన్నో ఏళ్లుగా ఉన్నారు. తెల్లవారుజామున ఒకే బోగీ, ఒకే మూల, అవే మొహాలు. ‘‘ఏమన్నా, నిన్న కనబడలే?’’ అని పలకరింపు. పేకాట ఒక బెంచీ మీద, కూరలు తరగడం ఒక బెంచీ మీద. జనగామలో ఎక్కేవాళ్లకు అప్పటికే రుమాలు వేసి సీటు ఆపి ఉంచుతారు. వాళ్లను చూసి ‘మనమూ చేయలేమా’ అనుకోవద్దు. ఆ ప్రయాణానికి వాళ్లు తమ నిద్రను, సాయంత్రాలను ఇచ్చేశారు. పైగా సొంతిల్లు వరంగల్‌లోనే ఉంది, బంధుబలగం అక్కడే ఉంది. కొత్తగా ఊరు ఎంచుకునేవాడికి ఆ బలవంతం లేదు.

ఇదే మాట మీద ఇంకో ఊరు గుర్తొస్తుంది. తిరుపతి జిల్లా సూళ్లూరుపేట. శ్రీహరికోటకు దగ్గరి రైల్వే స్టేషన్‌గా అందరికీ తెలుసు. రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, కానీ చెన్నై లోకల్ రైలు గుమ్మిడిపూండి దాటి, రాష్ట్ర సరిహద్దు దాటి, తడ మీదుగా ఎనభై కిలోమీటర్లకు పైగా వచ్చి ఈ తెలుగు ఊళ్లో ఆగుతుంది. రాష్ట్రం మారినా లోకల్ రైలు ఆగలేదక్కడ. ఇక్కడ హైదరాబాద్ దగ్గర మాత్రం ఒకే రాష్ట్రంలో, ఒకే రైల్వే జోన్‌లో, లింగంపల్లి నుంచి ఇరవై కిలోమీటర్లు ముందుకు పోవడానికి ఇన్నేళ్లు చాలలేదు.

శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు చూసేవాళ్లకు రైలుతో పాటు ఇంకో అంకె తెలిసి ఉండాలి: 111. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడేందుకు 1996లో వచ్చిన జీవో అది. 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. ఎత్తేస్తామని 2022లో ఇంకో జీవో వచ్చింది, ఆ తర్వాత కేబినెట్ నిర్ణయమూ వచ్చింది, కోర్టుల్లో వ్యాజ్యాలూ నడిచాయి. అందుకే ఒకే రోడ్డుకు ఈ పక్క ఒక రేటు, ఆ పక్క ఇంకో రేటు. తక్కువ రేటు చూసి సంబరపడేముందు ఆ సర్వే నంబరు ఏ పక్కదో అడగాలి.

రోడ్డు సంగతి చెప్పకుండా చేవెళ్ల దాటలేం. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల జాతీయ రహదారి అది. ఇరువైపులా పాత మర్రిచెట్లు. వాటిని ఎలా కాపాడాలన్న వివాదంలో విస్తరణ ఏళ్ల తరబడి ఆగింది. చెట్ల కోసం పోరాడినవాళ్లను తప్పు పట్టను. ఆ మర్రుల నీడన ఒక్కసారి వెళ్లినవాళ్లెవరూ తప్పు పట్టలేరు. కానీ చెట్లనూ ఉంచి, రోడ్డునూ వేసే దారి వెతకడానికి అన్నేళ్లు పట్టకూడదు. 2025 నవంబర్ 3, సోమవారం పొద్దున, మీర్జాగూడ దగ్గర తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొట్టింది. ఇరవై మంది దాకా చనిపోయారు. ఆదివారం ఇంటి దగ్గర గడిపి కాలేజీలకూ కొలువులకూ తిరిగొస్తున్నవాళ్లు అందులో ఎంతోమంది. పోయి రావడం ‘వీలవుతుందా’ అని అడిగేటప్పుడు ఎన్ని నిమిషాలన్నది ఒక్కటే అడుగుతాం. దారి రెండు వరుసలా నాలుగా, మధ్యలో డివైడర్ ఉందా, టిప్పర్లు ఏ వేళ తిరుగుతాయి అన్నవి అడగం. నిమిషాలకంటే ముందు అడగాల్సినవి ఇవి.

రాత్రి తొమ్మిది దాటాక

పొద్దున రెండు రైళ్లు తప్పినా మూడోది ఉంటుంది. రాత్రి ఆఖరుది తప్పితే ఇక క్యాబే. శివారు ఊరికి రాత్రి పూట క్యాబ్ రేటెంతో, అసలు డ్రైవర్ ఒప్పుకుంటాడో లేదో ఏ బ్రోచర్‌లోనూ రాయరు. బుక్ చేశాక ఫోన్ చేసి ‘‘ఎక్కడికి సార్?’’ అని అడిగి, పేరు వినగానే క్యాన్సిల్ కొట్టడం శివారు వాళ్లందరికీ అనుభవమే. డ్రైవర్‌ది కూడా తప్పనలేం. అతను అక్కడి నుంచి ఖాళీగా తిరిగి రావాలి.

ఆఖరి రైలు ఎన్నింటికి, దాని ముందుది ఎన్నింటికి? రెంటి మధ్యా ఎంత ఎడం? ఆఖరి రైలు ఒక్కదాని మీదే ఆధారపడితే రోజూ సాయంత్రం ఏడు నుంచే గుండెలో గడియారం మోగుతుంటుంది. మీటింగులో మేనేజర్ ‘ఇంకొక్క పాయింట్’ అన్నప్పుడల్లా రైలు కళ్ల ముందు కదులుతుంది. ఆఖరు దానికి ముందు ఇంకో రెండు ఉంటేనే ఆ ఊరు పనికొచ్చే ఊరు.

స్టేషన్‌లో దిగాక ఇల్లు ఎంత దూరం? రెండు కిలోమీటర్లే కావచ్చు. ఆ రెండు కిలోమీటర్లలో వీధి దీపాలున్నాయా, ఆ వేళకు షేర్ ఆటో దొరుకుతుందా, కుక్కల గుంపులెన్ని? ఆడవాళ్లు దీన్ని మొదటి రోజే చూస్తారు. మగవాళ్లు ఇల్లు కొన్నాక చూస్తారు. ఊరు ఎంపికలో ఇంట్లో ఎవరి మాట చెల్లాలంటే, రాత్రి ఆలస్యంగా ఒంటరిగా వచ్చే మనిషి మాటే చెల్లాలి.

ఆడవాళ్ల ప్రయాణంలో ఒక పెద్ద మార్పు మాత్రం వచ్చింది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో అదే మొదలైంది. షాద్‌నగర్ నుంచో సంగారెడ్డి నుంచో రోజూ వచ్చే చిరుద్యోగినికి నెలకు మిగిలేది చిన్న మొత్తం కాదు. చిన్న జీతానికి దూరం పోవడం ఎందుకని ఇంట్లో ఆగిపోయిన కొందరికి గడప దాటే వీలు దొరికింది. దాంతోపాటు బస్సుల్లో కాలు పెట్టే చోటూ పోయింది. బస్సులు పెరగకుండా ప్రయాణికులు పెరిగితే అంతే. పొద్దున ఏడున్నరకు సంగారెడ్డి బస్టాండులో ఒకసారి నిలబడితే మిగతాది ఎవరూ చెప్పక్కర్లేదు.

ప్రయాణం మూడు ముక్కలు: ఇంటి నుంచి స్టేషన్, స్టేషన్ నుంచి స్టేషన్, అక్కడి నుంచి ఆఫీసు. మనం కొలిచేది మధ్య ముక్కనే. అలసట అంతా ఆ చివరా ఈ చివరా ఉంటుంది. హైటెక్ సిటీ పేరుతో ఎంఎంటీఎస్ స్టేషన్ ఉంది కదా అని దిగితే ఆఫీసు భవనాలకు ఇంకా ఆటో ఎక్కాల్సిందే. అదే మెట్రోలో రాయదుర్గం వైపు పోయేవాళ్లకు ఆ తిప్పలు తక్కువ. కాబట్టి బేగంపేట, భరత్‌నగర్, ఖైరతాబాద్ లాంటి చోట్ల ఎంఎంటీఎస్ దిగి పక్కనే మెట్రో పట్టుకోవచ్చా, మధ్యలో ఎన్ని మెట్లు, ఎంత నడక అన్నది స్వయంగా నడిచి చూడాలి. వానలో కూడా. రైల్వే లైన్ల కింది అండర్ బ్రిడ్జిలు జులైలో చెరువులవుతాయి. అలాంటి రోజు ఊరికి దారే ఉండదు.

సొంత బండి నమ్ముకునేవాళ్లకు ఒక్క మాట. 158 కిలోమీటర్ల ఔటర్ మీద టూవీలర్లకు ప్రవేశం లేదు. సర్వీసు రోడ్డే గతి. గంటకు 120 కిలోమీటర్ల వేగం అనుమతి ఉన్నది కార్లకు. అదీ టోల్ కట్టి. ‘ఔటర్‌కి పది నిమిషాలు’ అన్న ప్రకటన బైకు మీద ఆఫీసుకు పోయేవాడికి దేనికీ పనికిరాదు.

రాబోయేవాటి మీద అప్పు

శివారులో గజం రేటును పెంచేది ఉన్న సౌకర్యం కాదు, వస్తుందన్న వార్త. మెట్రో వస్తుంది, ట్రిపుల్ ఆర్ వస్తుంది, ఎంఎంటీఎస్ యాదాద్రి దాకా వస్తుంది. వస్తాయేమో కూడా. ఎప్పుడన్నదే ప్రశ్న, ఎక్కడి నుంచన్నది ఇంకో ప్రశ్న.

2022 డిసెంబర్ 9న రాయదుర్గం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మెట్రోకు శంకుస్థాపన జరిగింది. ముఖ్యమంత్రే వచ్చి రాయి వేశారు. ఆ దారి పొడవునా ప్లాట్లు అమ్ముడుపోయాయి. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, ఆ మార్గం పక్కకు పోయింది, విమానాశ్రయం మెట్రోను నాగోలు వైపు నుంచి వేయాలన్నారు. రాయి చూసి కొన్నవాళ్ల పరిస్థితి ఊహించుకోవచ్చు. ఎంఎంటీఎస్ రెండో దశ కథ ఇంకా పాతది. కేంద్రం ఒక వంతు, రాష్ట్రం రెండు వంతులు పెట్టుకునేలా పదేళ్లకు ముందే ఒప్పందమైంది. డబ్బు సంగతి తేలక పనులు సాగి సాగి, మేడ్చల్‌కు రైలు 2023 ఏప్రిల్‌లో, ఘట్‌కేసర్‌కు ఆ మరుసటి ఏడాది చేరాయి. మొదట్లో ఆ మాట నమ్మి మేడ్చల్‌లో ఇల్లు కట్టుకున్నవాళ్ల పిల్లలు ఈలోపు స్కూలు దాటి కాలేజీకి వచ్చి ఉంటారు.

ట్రిపుల్ ఆర్ అంటున్న రీజినల్ రింగ్ రోడ్డు సంగారెడ్డి, నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి, చౌటుప్పల్ మీదుగా పోయే ఉత్తర భాగం, అటు దక్షిణ భాగం కలిపి మూడు వందల కిలోమీటర్లకు పైనే. దాని కూడళ్ల దగ్గర ఊళ్లు పెరగొచ్చు. కానీ అది లారీలకు నగరాన్ని తప్పించే రోడ్డు. మిమ్మల్ని నగరంలోకి తెచ్చే రోడ్డు కాదు. రోజూ ఆఫీసుకు పోయేవాడికి దానితో ఒరిగేది తక్కువ.

పెట్టుబడిగా కొనుక్కునేవాళ్లు ఈ వార్తల మీద పందెం కాస్తే కాయొచ్చు. వచ్చే నెల నుంచి అక్కడే ఉండాల్సినవాళ్లు ఈ రోజు నడుస్తున్న రైలును, ఈ రోజు తిరుగుతున్న బస్సును మాత్రమే లెక్కలో వేసుకోవాలి.

మిగతా జాగ్రత్తలు అందరికీ తెలిసినవే, అయినా తప్పేది వాటి దగ్గరే. ‘ఫామ్ ప్లాట్’ అని గుంటల్లో అమ్మేది వ్యవసాయ భూమి. గుంటంటే 121 గజాలు. అక్కడ ఇల్లు కట్టాలంటే వ్యవసాయేతర భూమిగా నాలా మార్పిడి, ఆపైన లేఅవుట్ అనుమతి కావాలి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా నంబరు ఉండాలి. చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) లోపలో బఫర్‌లోనో ఉంటే ఏమవుతుందో 2024లో ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. నీటి దగ్గర ఇంకాస్త జాగ్రత్త: పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక ప్రాంతం 2009లోనే దేశంలోని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాకెక్కింది. అటువైపు బోరు నీళ్లు తాగే ఉద్దేశం ఉంటే ముందు ల్యాబ్‌కి పంపండి.

స్టేషన్ బయట బండ్లు

ఒక ఊరి నుంచి రోజూ నగరానికి పోయి రావడం కుదురుతుందో లేదో ఆ ఊరే చెబుతుంది, ఏజెంటును అడగక్కర్లేదు. మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం స్టేషన్ బయట స్టాండుకు వెళ్లి చూడండి. బండ్లు కిక్కిరిసి ఉంటే, ఆ బండ్ల యజమానులంతా ఆ వేళకు నగరంలో పనిలో ఉన్నట్టే. స్టాండు ఖాళీగా ఉందంటే అక్కడి నుంచి ఎవరూ పోవడం లేదు, పోలేకపోతున్నారు. పొద్దున ఐదున్నరకే తెరుచుకునే టిఫిన్ సెంటర్ స్టేషన్ దగ్గర ఉందా? ఉంటే ఎవరి కోసం తెరుస్తున్నాడో ఆలోచించండి. రాత్రి తొమ్మిదింటికి రైలు దిగినవాళ్ల కోసం కూరగాయల బండి ఇంకా ఉందా?

అన్నిటికంటే నమ్మదగినది టు-లెట్ బోర్డు. ప్లాట్లు అమ్మబడును అన్న ఫ్లెక్సీలే తప్ప అద్దె బోర్డు ఒక్కటీ కనిపించని ఊళ్లున్నాయి. అక్కడ కొంటున్నారు, ఉండటం లేదు. అద్దెకు ఇల్లు దొరకడమే కష్టంగా ఉన్న ఊళ్లూ ఉన్నాయి. వాటిలో జనం ఉంటున్నారు. అద్దెకుండేవాడికి భూమి రేటు పెరుగుతుందన్న ఆశ లేదు, ట్రిపుల్ ఆర్‌తో పని లేదు. పోయి రావడం కుదరకపోతే నెల నోటీసిచ్చి వెళ్లిపోతాడు. అతను వెళ్లిపోకుండా ఉన్నాడంటే ఆ ఊరి ప్రయాణం భరించదగ్గదే.

అందుకే కొనే ముందు మీరూ అక్కడ అద్దెకుండి చూడండి. పిల్లల స్కూలు మార్చాల్సి వస్తుంది, సామాను రెండుసార్లు మోయాలి, నిజమే. పదకొండు నెలల అగ్రిమెంటులో ఒక వానకాలం వస్తుంది, ఒక పరీక్షల కాలం వస్తుంది, ఇంట్లో ఎవరికో ఒకసారి అర్ధరాత్రి జ్వరం వస్తుంది, ఆఫీసులో ఆలస్యమైన రాత్రులు వస్తాయి. ఈలోపు ఏజెంటు ఫోన్ చేసి గజానికి రెండు వేలు పెరిగిందంటాడు. నిజంగానే పెరిగి ఉండొచ్చు. రెండు వందల గజాలకు నాలుగు లక్షలు. ఆ ఊరు మీకు పడదని రిజిస్ట్రేషన్ అయ్యాక తెలిస్తే పోయేది అంతకన్నా ఎక్కువే: స్టాంపు డ్యూటీ, బ్యాంకు వడ్డీ, పైగా రోజుకు మూడు గంటలు.